గోడ లోపలి ఖర్చు

కొండాపూర్‌లోనో తెల్లాపూర్‌లోనో కొత్త ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన ఇంట్లో ఆ నెలంతా ఒక కాగితం చుట్టూనే కబుర్లు నడుస్తాయి. అదే ఇంటీరియర్ కొటేషన్. మాడ్యులర్ కిచెన్‌కి ఇంత, వార్డ్‌రోబ్‌లకి ఇంత, ఫాల్స్ సీలింగ్ చదరపు అడుగుకి ఇంత, టీవీ వెనక ప్యానెల్‌కి ఇంత అని లెక్కంతా రూపాయల్లో రాసి ఉంటుంది. అట్టడుగున ఎక్కడో ఒక్క వరుస: 'ఎలక్ట్రికల్ - యాక్చువల్స్'. అంటే పనయ్యాక ఎంతైతే అంత. ఇంటిల్లిపాదీ ప్రాణాలు ఆధారపడిన ఖర్చుకి అంకె లేదు, టీవీ వెనక చెక్కకి మాత్రం ఉంది. నన్నడిగితే ఈ కాగితాన్ని కింది నుంచి పైకి రాయాలి. కరెంటు పని బడ్జెట్ గోడ లోపల మొదలై, కంటికి కనిపించే సరుకు దగ్గర ముగియాలి.

కొత్త ఫ్లాట్ల సంగతి అలా ఉంచి పాతవాటికొద్దాం. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. ఆ తర్వాత పదేళ్లలో మాదాపూర్, కొండాపూర్, మియాపూర్, మణికొండల్లో లేచిన అపార్ట్‌మెంట్లకి ఇప్పుడు పదిహేను, ఇరవై ఏళ్లు దాటాయి. వాటిలో వైర్లు లాగిన రోజుల్లో ఇంటికి ఒక ఏసీ ఉంటే గొప్ప. మాస్టర్ బెడ్‌రూమ్‌లో ఒక ఏసీ పాయింటు, బాత్‌రూముల్లో గీజర్లు, వంటింట్లో మిక్సీకీ ఫ్రిజ్‌కీ ప్లగ్గులు పెట్టి బిల్డరు పని ముగించేవాడు.

ఇప్పుడు అదే ఇంట్లో ఏముందో కూడదాం. ఒకటిన్నర టన్నుల ఏసీ సుమారు 1.5 కిలోవాట్లు లాగుతుంది, మూడు గదులకి మూడు. గీజరు 2 కిలోవాట్లు, అవి రెండు. ఇండక్షన్ స్టవ్ 2, మైక్రోవేవ్ 1.2, నీళ్లు తనే వేడి చేసుకునే వాషింగ్ మెషీన్ ఇంకో 2. మొత్తం 13.7 కిలోవాట్లు. అన్నీ ఒకేసారి వెయ్యం కదా అంటారు. నిజమే. కానీ జనవరిలో పొద్దున్న ఏడున్నరకి చూడండి: రెండు గీజర్లూ, ఇండక్షన్ మీద ఉప్మా, వాషింగ్ మెషీన్ కలిసి 8 కిలోవాట్లు. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 35 ఆంపియర్లు. మన దగ్గర మామూలుగా సింగిల్ ఫేజ్ ఇచ్చేది 5 కిలోవాట్ల లోడ్ దాకా, అంటే 22 ఆంపియర్లకి లోపే.

కాబట్టి లెక్కలో మొదటి వరుస కరెంటు బిల్లు మీదే ఉంది. 'కాంట్రాక్టెడ్ లోడ్' అన్న చోట ఎంత ఉందో చూడండి. మన దక్షిణ తెలంగాణ డిస్కమ్‌కి (విద్యుత్ పంపిణీ సంస్థకి) దరఖాస్తు పెట్టి, కిలోవాటుకి ఇంతని డెవలప్‌మెంట్ చార్జీ, డిపాజిట్ కట్టి లోడ్ పెంచుకోవచ్చు. త్రీ ఫేజ్‌కి మారితే మీటరు మారుతుంది. మీటరు నుంచి ఫ్లాట్ దాకా వచ్చే మెయిన్ వైరూ, లోపల ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు (డీబీ) కూడా మార్చాలి. ఈ నాలుగూ కలిపి ఒకే ఖర్చుగా రాసుకోవాలి. మీటరు మార్పించుకుని పాత మెయిన్ వైరే ఉంచేసిన ఇళ్లు ఈ ఐటీ కారిడార్‌లో కొల్లలు.

మియాపూర్‌లో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో పెయింటింగ్ వేయించే ముందు వైరింగ్ ఒకసారి చూపిద్దామనుకున్నాం. వచ్చిన ఎలక్ట్రీషియన్ పాతికేళ్ల కుర్రాడు, పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. మెయిన్ ఆపి, డీబీ మూత నాలుగు స్క్రూలూ విప్పి పక్కన పెట్టాడు. లోపలి నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. హాల్ ఏసీకి వెళ్లే ఎర్ర వైరు ఎంసీబీలోకి దూరే చోట, బొటనవేలి పొడవున టీ డికాక్షన్ రంగుకి తిరిగి పెళుసుబారింది. వేలితో తాకితే పైపొర రాలింది. టార్చి వేసి ఎంసీబీ మీద అంకె చూపించాడు. 32 అని ఉంది. వైరు మాత్రం 2.5 చదరపు మిల్లీమీటర్లది.

"ఎవలో మార్చిండ్రన్నా. ఏసీ ఏస్తే పడిపోతాందని పెద్దది ఏసిండ్రు. పడుడు ఆగింది గానీ వైరు కాలుతాంది" అన్నాడు.

పిన్ని చాలాసేపు ఆ వైరునే చూసింది. "ఇన్నాళ్లూ దీని కిందే పడుకున్నామా నాయనా" అంది.

గోడలో పైపు లోపల నడిచే 2.5 వైరు సుమారు 20 ఆంపియర్లు నిశ్చింతగా మోస్తుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20కి బదులు 32 ఆంపియర్లు పారితే వేడి రెండున్నర రెట్లు. 20 దాటగానే ఆపాల్సిన ఎంసీబీ, 32 దాకా తనకేమీ పట్టనట్టు ఊరుకుంటుంది. ఎంసీబీ ఉన్నదే వైరును కాపాడటానికి. అది మాటిమాటికీ పడిపోతోందంటే వైరు పెద్దది కావాలనో, లోడ్ పంచాలనో అర్థం. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచడానికి రెండు మూడు వందలు చాలు, అందుకే అందరూ ఆ పనే చేస్తారు. ఏసీకీ గీజరుకీ విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, దానికి తగ్గ ఎంసీబీ పెట్టడం అసలు పని. లైట్లకి 1.5, మామూలు ప్లగ్గులకి 2.5 సరిపోతాయి.

ఎంసీబీ వైరుకైతే, ఆర్‌సీసీబీ మనిషికి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది అనుక్షణం చూస్తుంటుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కరెంటు ఏ గీజరు బాడీ నుంచో తడిచేతిలోంచో నేలకి పోతోందంటే, రెప్పపాటులో ఆపేస్తుంది. ఖరీదు రెండు మూడు వేలు. పిన్ని ఇంట్లో అది లేదు. ఆ కాలపు చాలా ఫ్లాట్లలో ఉండదు. కొన్నింట్లో పెట్టించాక తీసేయించారు కూడా, 'ఊరికే పడిపోతోంది' అని. దానికి అసలు కారణం తరచు గోడలోనే ఉంటుంది. వైరు ఆదా కోసం రెండు సర్క్యూట్ల న్యూట్రల్స్ ఒక్కటిగా కలిపేసి ఉంటారు. ఆర్‌సీసీబీ లెక్క తప్పి పడిపోతూ ఉంటుంది. ఆ న్యూట్రల్స్ విడదీయడానికి జంక్షన్ బాక్సులన్నీ తెరిచి వెతకాలి, ఒక రోజు పని. పాత ఇంట్లో ఆర్‌సీసీబీ పెట్టించేవాళ్లు ఆ ఒక రోజు కూలి కూడా లెక్కలో రాసుకోవాలి. పరికరం కొని, కూలి దగ్గర వెనకాడితే నెల తిరక్కుండా దాన్ని తీసి సజ్జ మీద పెట్టేస్తారు.

ఎస్టిమేట్ కాగితం ఎలా ఉండాలో చెప్పాలి. 'రీవైరింగ్, విత్ మెటీరియల్, ఇంత' అని ఒక్క వరుసలో రాసిచ్చిన కాగితం తీసుకోవద్దు. ఎన్ని పాయింట్లు, పాయింటుకి లేబర్ ఎంత, ఏ సైజు వైరు ఎన్ని కాయిల్స్, ఏ కంపెనీది, డీబీ ఎన్ని ఎంసీబీలు పట్టేది, ఎంసీబీలు ఏ రేటింగ్‌వి ఎన్ని అని విడివిడిగా రాయించండి. మెటీరియల్ మీరే తెస్తామంటే నిజాయితీ ఉన్న ఎలక్ట్రీషియన్ సంతోషిస్తాడు. కోఠి దగ్గర ట్రూప్ బజార్ దాకా వెళ్తే నాలుగు షాపుల్లో రేట్లు పోల్చుకోవచ్చు. సామాను మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బిల్లు తీసుకోండి.

వైరు కొనేటప్పుడు తూకం చూడటం మంచి అలవాటు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ 90 మీటర్ల కాయిల్‌లో దాదాపు 2 కిలోల రాగి ఉండాలి. ఇది రాగి సాంద్రతని బట్టి ఎవరైనా వేసుకోగల లెక్క. ఆ రోజు మార్కెట్లో 2 కిలోల రాగి ధర కంటే తక్కువకే కాయిల్ ఇస్తానంటున్నాడంటే అందులో రాగి అంత లేదు. సైజు తక్కువైనా ఉండాలి, పొడవు తక్కువైనా ఉండాలి, తీగ రాగిది కాకైనా పోవాలి.

అందరూ మర్చిపోయే ఖర్చు ఇంకొకటి. గాడి కొట్టి పైపు వేశాక గోడ పూడ్చేదెవరు? ఎలక్ట్రీషియన్ సిమెంట్ మెత్తి వెళ్లిపోతాడు. మేస్త్రీ, ఆ తర్వాత లప్పం, ఆపైన పెయింటు. చిన్న పనికే గోడంతా రంగు వేయకపోతే అతుకు కనపడుతుంది. కరెంటు పనిని ఎప్పుడూ లప్పానికి ముందే పెట్టుకోవాలి. పిన్ని ఇంట్లో పెయింటర్‌ని మూడు వారాలు ఆపాం. అయినా అనుకున్నదానికి ఆరో వంతు పైన పడింది, ఒక గదిలో పాత పైపు నలిగిపోయి వైరు కదలక కొత్త గాడి కొట్టాల్సి వచ్చింది. పాత ఇంటికి మొత్తం మీద 15, 20 శాతం పక్కన పెట్టుకోవడం మంచిది. ఆ డబ్బు పిన్ని కర్టెన్ల పద్దులోంచి తీసింది. "కర్టెన్లు దసరాకి చూద్దాం లేరా" అంది.

మరి అద్దెకున్నవాళ్ల సంగతేంటి? ఈ కారిడార్‌లో సగం చర్చ ఇదే. ఓనరు డల్లాస్‌లో ఉంటాడు, ఇక్కడ తాళాలు ఆయన బావమరిది దగ్గర. డీబీ కాలిందని వాట్సాప్‌లో పెడితే ఫొటో పంపమంటారు, తర్వాత మాట్లాడదామంటారు. గోడ లోపలిదంతా ఓనరు ఖర్చు, ఊడదీసి పట్టుకెళ్లగలిగేది కిరాయిదారు ఖర్చు అనుకుంటే గొడవే ఉండదు. చేరేటప్పుడే ఆర్‌సీసీబీ ఉందో లేదో, ఏసీ పాయింట్లకి ఏ వైరు ఉందో అడిగి అగ్రిమెంట్‌లో రాయించుకోండి. రెండు నెలల అడ్వాన్స్ గురించి అంత బేరమాడేవాళ్లం, దీని గురించి రెండు మాటలు మాట్లాడలేమా?

కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లకి చట్టం అండగా ఉంది. 2016 రెరా చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు పనితనంలోనో సదుపాయాల్లోనో లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. వైరింగ్ లోపం కూడా అందులోకే వస్తుంది. అయితే ఇంటీరియర్ వాళ్లు డీబీ కదిలించి వైర్లు కోశాక బిల్డరు చేతులు దులుపుకుంటాడు. వాళ్లు పని మొదలెట్టకముందే ఇంకో ఎలక్ట్రీషియన్‌ని తీసుకెళ్లి పరీక్ష చేయించి, ఫొటోలు తీసి, లోపాలుంటే రాతపూర్వకంగా ఇవ్వండి.

గోడ లోపలిది అయ్యాకే బయటి సంగతి. అక్కడ నేను మొదట ఎంచేది ఫ్యాన్లు. పాత ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి, నాలుగు ఫ్యాన్లకి 80. మన కరెంటు చార్జీల శ్లాబుల్లో దీనికి విలువ ఎక్కువ. నెలకి 200 యూనిట్లు కాలిస్తే యూనిట్ల చార్జీ 820 రూపాయలు. 201 అయితే మొదటి 200 యూనిట్లనీ 5.10 చొప్పున, పై యూనిట్‌ని ఇంకా ఎక్కువకి లెక్కగట్టి 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కి 200కి పైగా తేడా. ఏసీలతో 400 దాటిన ఇంట్లో పైన కాలే ప్రతి యూనిట్ కనీసం 9.50. మూడు వేల ఫ్యాన్ రెండు మూడు వేసవుల్లో తన ఖరీదు తనే తెచ్చి ఇస్తుంది. రంగులు మారే లైట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎలక్ట్రిక్ కారుకి రాష్ట్రంలో 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్ ట్యాక్స్ మినహాయింపు ఉండటంతో ఇప్పుడు ప్రతి సెల్లార్‌లోనూ చార్జింగ్ పాయింటు అడుగుతున్నారు. చాలా చోట్ల మీటర్ల ప్యానెల్ కింద సెల్లార్‌లోనే ఉంటుంది కాబట్టి పార్కింగ్‌కి దూరం తక్కువ, వైరు ఖర్చు అనుకున్నంత ఉండదు. కానీ కారు 3.3 కిలోవాట్లు రాత్రంతా ఎడతెరిపి లేకుండా లాగుతుంది. దానికి సొంత మీటరు నుంచి విడిగా లాగిన వైరు, విడిగా ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ ఉండాలి. వాచ్‌మన్ గది ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగనివ్వకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద సెల్లార్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల దగ్గర మంట లేచి, పైన లాడ్జిలో 8 మంది పొగకి చనిపోయారు. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూటే కారణమని అగ్నిమాపక అధికారులు ప్రాథమికంగా చెప్పారు. ఈ వార్తలు చదివిన వారం రోజులు అందరం భయపడ్డాం. ఆ వారంలోనే డీబీ మూతలు తీసి చూసి ఉంటే ఎంత బాగుండేది!

అసోసియేషన్ కమిటీల్లో ఉన్నవాళ్లకి ఒక మనవి. లిఫ్ట్‌లకీ జనరేటర్‌కీ ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఇస్తున్నారు కదా, అందులోనే ఎర్త్ పిట్ల పరీక్ష కూడా చేర్చండి. వేసవిలో ఆ గుంతల్లో నీళ్లు పోయించండి. నేల ఎండిపోతే ఎర్తింగ్ పేరుకే ఉంటుంది.

మీ ఇంటి సంగతి ఈ పూటే తేల్చుకోవచ్చు. డీబీ తలుపు తీయండి, మూత విప్పకండి. ఆర్‌సీసీబీ మీద 'టి' గుర్తుతో చిన్న బటన్ ఉంటుంది. కంప్యూటర్లు ఆపుకుని దాన్ని నొక్కండి. కరెంటు టక్కున పోతే అది పనిచేస్తోంది, నెలకోసారి అలాగే నొక్కి చూస్తూ ఉండండి. పోకపోతే, లేదా అసలు ఆ బటనే కనపడకపోతే, రేపు చేయించాల్సిన మొదటి పని అదే.