రాత్రి పెరిగే వోల్టేజీ

సమాధులకు పెట్టే తాండూరు నాపరాళ్లపై పేర్లు చెక్కుటకు వికారాబాదులో మా ఇంటనే చిన్న యంత్రం కట్టుకొన్నాము. దాని మోటారు డ్రైవు 50 వోల్టులకు మించి ఓర్వదు.

పాత సామాను కొట్టులో తెచ్చిన రెండు ట్రాన్స్‌ఫార్మర్లకు, అవతలి తీగలు విడిగా ఉంచి, 100 వాట్ల బల్బు సీరీస్‌లో పెట్టి కరెంటిచ్చాము. ఒకదానికి బల్బు నిండుగా వెలిగింది. లోపలి చుట్టలు షార్టయ్యాయన్నమాట, పక్కన పెట్టేశాము. రెండవదానికి బల్బు మినుకుమని ఆరింది. ఏసీ 34 వోల్టులు. డయోడ్లు, కెపాసిటరు దాటాక డీసీ 47. కెపాసిటరు ఏసీ శిఖరాన్ని పట్టుకొంటుంది గనుక అంత పెరుగుతుంది.

వెంటనే డ్రైవు తగిలించాలని మాకే ఆత్రం. “రాత్రి కూడా చూద్దాం డాడీ” అన్నాడు అబ్బాయి. మధ్యాహ్నం ఇంటి కరెంటు 220. రాత్రి 11 గంటలకు 250. మీటరు 53 చూపింది.

ఇప్పుడు 24 వోల్టుల దానికై వెదకుచున్నాము. భర్త పేరు చెక్కమని రాయి తెచ్చిన పెద్దమ్మకు ఇంకో వారం ఆగమని చెప్పాము.