అరుగు మీది బిడ్డ, ఆటస్థలములోని బిడ్డ



పల్నాడు జిల్లాలో మాచర్లకు దగ్గరి మండలము మా వెల్దుర్తి. మిరప, పత్తి చేలు, దూరాన నల్లమల కొండలు. మిరపకోతల కాలములో పెద్దలందరు తెల్లవారకముందే కూలికి వెళతారు. ఆ వేళ సంఘ దర్శనమునకు పల్లెలకు పోయినప్పుడు అరుగు మీద ఒంటరిగా కూర్చున్న చూపులేని బిడ్డలను మేము చూస్తుంటాము. కన్నవారికి ప్రేమ లేక కాదు. "బయటికి పోతే దెబ్బలు తగిలించుకుంటాడు అయ్యగారూ, ఇంటిపట్టున ఉండనీయండి" అంటారు.

ఆ మాటకు జవాబు మన జిల్లాలోనే ఉన్నది. వెల్దుర్తి నుండి మాచర్ల చేరి బస్సు మారితే నరసరావుపేట వెళ్ళవచ్చును. 2022 ఏప్రిల్ నుండి అది మన జిల్లా కేంద్రము. పనులమీద మనము తిరిగే ఆ ఊరిలోని లూథరన్ అంధుల ఉన్నత పాఠశాలలో చదివినవాడే ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి. చిన్నతనములోనే చూపు దెబ్బతిన్న ఈయన భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకుడై 2017లోను, 2022లోను టి-20 ప్రపంచ కప్పును, 2018లో వన్డే ప్రపంచ కప్పును గెలిపించాడు. 2023 సంవత్సరపు అర్జున అవార్డు పొందాడు.

చూపులేనివారు క్రికెట్ ఎట్లు ఆడతారని మీరడుగవచ్చును. గట్టి ప్లాస్టిక్ బంతిలో చిన్న ఇనుప గుండ్లు ఉండి, దొర్లునప్పుడు గలగలమంటాయి. బౌలర్ "రెడీ?" అని అడిగి, జవాబు విన్న తరువాతనే "ప్లే" అని చెప్పి, చేయి క్రిందినుండి బంతి వేస్తాడు. పదకొండుగురిలో కనీసము నలుగురు పూర్తిగా చూపులేనివారు ఉండాలి. వారు బ్యాటుతో చేసే ప్రతి పరుగును రెండుగా లెక్కిస్తారు. బలహీనునికి చోటు దయతో కాదు, నియమముతోనే ఇచ్చిన ఆట ఇది. నేర్పేవాడు చేసి చూపితే చాలదు. మాటతో చెప్పాలి, చేయి పట్టి బ్యాటు త్రిప్పించాలి. ఓపికే ఇక్కడ సగము విద్య.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తి సంగతి కూడ అట్టిదే. ఆమెది మేధోపరమైన వైకల్యము. ఊరివారు కన్నవారిని ఆడిపోసుకొన్నారు. అయితే ఆమె పరుగును మొదట బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు, తరువాత శిక్షకుడు నాగపురి రమేష్ గమనించారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి ఆమె కంచు పతకము తెచ్చింది. ఎగతాళి చేసిన ఊరు చూడనిదానిని ఇద్దరు గురువులు చూచారు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. ప్రభువు మాత్రము అతనియందు జరుగబోవు దేవుని క్రియలను చూచాడు. మన సంఘములలో ఏ ప్రశ్న వినబడుచున్నది?

ప్రతి బిడ్డకు పతకము రాదు. కాని ప్రతి బిడ్డకు పరుగెత్తే హక్కు, పడి లేచే హక్కు ఉన్నది. తల్లిదండ్రులారా, బిడ్డను ప్రభుత్వ వైద్యులకు చూపి వైకల్య ధృవపత్రము తీసికొనండి. తగిన బడిలో చేర్చండి. యౌవనస్థులారా, సెలవులలో మీరు జరిపే ఆటలపోటీలకు అరుగు మీద కూర్చున్న ఆ బిడ్డను కూడ పిలుచుకొని వెళ్ళండి. చేయి పట్టి నడిపించేవారు ఒక్కరుంటే, అరుగుకు ఆటస్థలము దూరము కాదు.