సంచిలో ఒకటి, బీరువాలో ఒకటి

ఈ-రీడర్ నిండిపోయిందని పుస్తకాలు చకచకా తీసేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

నాన్న నాకు న్యూజెర్సీకి రాసిన ఉత్తరాలన్నీ, ఆయన పోయాక టైపు చేసి, ఈ-బుక్‌గా మార్చి అమ్మ రీడర్‌లో పెట్టాను. అమ్మ ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ అక్షరాలు పెద్దవి చేసుకుని రోజూ చదువుకునేది. మొన్న ఖాళీ కోసం పాతవి తీసేస్తుంటే అదీ పోయింది. అమ్మ ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పక్కన పెట్టింది, అంతే.

కంప్యూటర్‌లో కాలిబర్ తెరిచాను. ఉచితంగా దొరికే ప్రోగ్రామే. దాని లైబ్రరీలో కాపీ భద్రంగా ఉంది! కేబుల్ పెట్టి పంపితే నిమిషంలో రీడర్‌లోకి వచ్చేసింది.

రీడర్ చేతిసంచి లాంటిదండీ, బీరువా మాత్రం కంప్యూటరే. ఆ కాలిబర్ లైబ్రరీ ఫోల్డర్‌ని ఇంకో డ్రైవ్‌లోనూ కాపీ చేసుకోండి. కంప్యూటరూ ఏదో ఒకరోజు మొరాయిస్తుంది కదా!