చలిని కొలిచిన రేకుముక్క

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో టస్కరావస్, వాల్‌హోండింగ్ నదులు కలిసి మస్కింగమ్ నదిగా మారే చోట కొషాక్టన్ అనే చిన్న పట్టణం ఉంది. చుట్టూ గుట్టలు, ఆ నేల అడుగున బొగ్గు. పక్కనే ఉన్న రాస్కో విలేజ్ 19వ శతాబ్దిలో కాలువ పడవల రేవు. యాత్రికులు ఎక్కువగా దానిని చూడడానికే వస్తారు. కాని ఈ ఊరికి మరొక విశిష్టత ఉంది. పేరు అచ్చువేసిన ఉచిత కానుక ఒక పరిశ్రమగా ఎదిగింది ఇక్కడే.

1880వ దశకం చివర ఇక్కడ జాస్పర్ మీక్ అనే పత్రికాధిపతి ఉండేవాడు. పత్రిక వెలువడిన తరువాత అచ్చుయంత్రం ఖాళీగా ఉండేది. దానికి పని కల్పించడానికి ఆయన ఒక చెప్పుల దుకాణం పేరును గోనెసంచుల మీద ముద్రించి, బడిపిల్లలకు పంచే ఏర్పాటు చేశాడు. పిల్లలు నడిచిన వీధులన్నిటా ఆ పేరు నడిచింది. త్వరలోనే హెన్రీ బీచ్ అనే మరొక ముద్రాపకుడు పోటీకి దిగాడు. కొంతకాలానికి రేకు మీద రంగుల ముద్రణ మొదలైంది. కోకాకోలా పళ్ళేలు కూడా ఈ ఊళ్ళో తయారై దేశమంతటా వెళ్ళాయి.

ఇటువంటి కానుకలలో ఇంధన వ్యాపారి పంచిన ఉష్ణమాపకం ప్రత్యేకమైనది. జానెడు రేకు, నడుమ సన్నని గాజుగొట్టం, పైన బొగ్గు, చమురు అమ్మే దుకాణం పేరు, అడుగున మూడు నాలుగు అంకెల టెలిఫోను నంబరు. గృహిణి దానిని వసారాలో మేకుకు తగిలించేది. కిరాణాకొట్టువాడిచ్చిన క్యాలెండరును తేదీ కోసం చూస్తాం. దీనిని చూసేది చలి వేసినప్పుడు. గొట్టంలోని ద్రవం 32 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి జారి, నీళ్ళు గడ్డకట్టే వేళకు, ఎవరిని పిలవాలో కంటి ఎదుటే ఉండేది. ఇంతకంటె సమయజ్ఞత గల ప్రకటన దొరకడం కష్టం.

చమురు వ్యాపారి వద్ద మరొక లెక్క ఉండేది. 65 డిగ్రీలను ప్రమాణంగా పెట్టుకొని, రోజు సగటు ఉష్ణోగ్రత అంతకు ఎన్ని డిగ్రీలు తగ్గితే అన్ని అంకెలు కూడుతూ పోయేవాడు. సగటు 25 అయితే ఆనాటి లెక్క 40. ఆ మొత్తాన్ని బట్టి ఏ ఇంటి తొట్టి ఎప్పుడు ఖాళీ అవుతుందో అంచనా కట్టి, పిలుపు రాకముందే బండి పంపేవాడు. అంచనా తప్పితే అర్ధరాత్రి ఒక ఇల్లు చల్లబడిపోతుంది. అందువల్ల రేకు మీది పేరు ప్రకటన మాత్రమే కాదు, పూచీ కూడా.

1940 జనాభా లెక్కల నాటికి అమెరికాలో సగానికి పైగా ఇళ్ళను వెచ్చబరిచింది బొగ్గే. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సహజవాయువు గొట్టాలు ఊరూరా విస్తరించాయి. 1990 నాటికి బొగ్గుతో వెచ్చబడే ఇళ్ళు నూటికి ఒకటి కూడా లేవు. బొగ్గు కొట్లు మూతపడ్డాయి, బండ్లు తుప్పుపట్టాయి.

పాతవస్తువుల దుకాణాలలో నేడు ఆ ఉష్ణమాపకాలు కనబడుతుంటాయి. అంచులు తుప్పుపట్టి, అక్షరాలు వెలిసి ఉంటాయి. వాటి మీది నంబరు తిప్పితే పలికేవారు లేరు. గాజుగొట్టం పగలనిచోట మాత్రం ఆ ద్రవం ఇప్పటికీ చలికి దిగుతుంది, ఎండకు ఎక్కుతుంది.