మూడు ఊళ్ల నుంచి బాపుకు

జనగామ,
2025 సెప్టెంబర్ 3

బాపూ,

సిద్దిపేట, చేర్యాల మీదుగా వచ్చిన బస్సు తొమ్మిదింటికల్లా ఇక్కడ దింపింది. బయలుదేరేటప్పుడు నువ్వు వెక్కిరించావు కదా, "జనగామల ట్రంపు గురించి ఎవలు మాట్లాడుతరురా, నీకు బస్సు కిరాయి దండుగ" అని. బస్టాండు దగ్గరి హోటల్‌లో చాయ్ గ్లాసు చేతికి వచ్చేలోపే జవాబు దొరికింది.

టీవీలో పొద్దున బీజింగ్‌లో జరిగిన కవాతు చూపిస్తున్నారు. జిన్‌పింగ్‌కు ఒక పక్క పుతిన్, మరో పక్క ఉత్తర కొరియా కిమ్. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన భుజం మీది తువ్వాలతో మూతి తుడుచుకుని హోటలాయనను అడిగాడు: "గా ఫౌజు సంగతి మనకెందుకే, పత్తి సంగతేమన్నా జెప్పిన్రా?" హోటలాయన తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. ఆ కవాతు మీద మన పేపర్లు ఎన్ని సంపాదకీయాలు రాసినా అంతకంటే సూటి ప్రశ్న వేస్తాయని నాకు నమ్మకం లేదు.

నీకు తెలిసిన సంగతే అయినా వరుస చెప్తా. మనం రష్యా చమురు కొంటున్నామని ట్రంప్ అదనంగా 25 శాతం సుంకం వేశాడు. ముందటి 25తో కలిసి ఆగస్టు 27 నుంచి అది 50 అయింది. అమెరికాకు బట్టలు కుట్టి పంపే తిరుప్పూర్ ఫ్యాక్టరీలు గగ్గోలు పెట్టాయి. వాళ్లకు ఊపిరి ఆడాలని కేంద్రం బయటి పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19 నుంచి ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ ఆఖరుదాకా అన్నారు, పది రోజులు తిరగకముందే డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఇక్కడ చేలల్లో ఇప్పుడిప్పుడే కాయ పడుతోంది. దసరా, దీపావళి నాటికి పత్తి ఏరి మార్కెట్‌కు తెస్తే, సరిగ్గా అప్పుడే సుంకం లేని బయటి పత్తి మిల్లుల గోదాముల్లో దిగి ఉంటుంది. పొడుగు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు కాగితం మీద ఉంది. ఆ ధరకు కొనాల్సిన సీసీఐ తేమ చూసి వద్దంటే ఆ కాగితం ఎవరికి చూపించాలి? దెబ్బ కొట్టింది వాషింగ్టన్, కట్టు కట్టింది తిరుప్పూర్‌కు, రక్తం తీసింది జనగామ దగ్గర. తిరుప్పూర్ కూలీ బతకాలి, కాదనను. కానీ ఆ ఉత్తర్వు రాసేముందు పత్తి రైతును ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

మధ్యాహ్నం కడవెండి పోయొచ్చాను. దొడ్డి కొమరయ్య స్తూపం దగ్గర కాసేపు కూర్చున్నా. 1946 జులై 4న విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు ఆయన పడిపోయిన ఊరు. ఆ కథ నువ్వు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పావో. నువ్వు చెప్పని భాగం నేను ఈ మధ్య చదివాను. అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ జనగామ తాలూకా భవిష్యత్తు రెండుసార్లు పరదేశంలో చర్చకు వచ్చింది.

మొదటిసారి పారిస్‌లో. నిజాం 1948 ఆగస్టు 21న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపాడు. మొయిన్ నవాజ్ జంగ్ ప్రతినిధుల్ని వెంటబెట్టుకుని పోయాడు. మండలి సెప్టెంబర్ 16న దాన్ని చర్చకు తీసుకునేసరికి భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టి మూడు రోజులైంది. మర్నాడే నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆయనే తంతి కొట్టాడు. ఆ గడబిడలోనే నిజాం సర్కారు సొమ్ములోంచి లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మళ్లిన పది లక్షల పౌండ్లు 2019 అక్టోబర్ దాకా తేలలేదు. చివరికి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకూ చెందుతుందని లండన్ హైకోర్టు చెప్పింది. అందులో ఈ దిక్కు రైతు కట్టిన శిస్తు ఎంతో లెక్క ఎవరూ అడగలేదు.

రెండోసారి మాస్కోలో. సైన్యం వచ్చాక కూడా తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం సాగింది. ఆపాలా, కొనసాగించాలా అని కమ్యూనిస్టు పార్టీలో తెగని పంచాయితీ. ఆంధ్ర నాయకులు మావో దారి అన్నారు, మిగతావాళ్లు కాదన్నారు. తీర్పు కోసం చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో పోయి 1951 ఫిబ్రవరిలో స్టాలిన్‌ను కలిశారు. చైనా వాళ్లకు వెనుక సోవియట్ సరిహద్దు ఆసరా ఉంది, మీకు అట్లాంటి పొరుగు లేదు అన్నది ఆయన వాదనలో ముఖ్యమైన ముక్క. ఆ అక్టోబర్‌లో పోరాటం విరమించారు. ఒక్క స్టాలిన్ మాటతోనే ఆగిందని నేను అనను. దళాలు అప్పటికే అడవుల్లోకి నెట్టబడ్డాయి, జనం అలసిపోయారు. అయినా కడవెండి గడీ ముందు మొదలైన కొట్లాటకు క్రెమ్లిన్‌లో పటం పరిచి సరిహద్దులు చూసుకున్నారంటే, ఈ ఊరికి ప్రపంచం తెలియదని ఎట్లా అంటావు బాపూ?

రేపు మానుకోట.

*

మానుకోట,
సెప్టెంబర్ 5

బాపూ,

రైలు బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, దిగిన ప్రతివాడూ మానుకోట అనే అంటాడు. దారిలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య కిటికీలోంచి చూశాను. నిరుడు సెప్టెంబర్ 1న వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడింది అక్కడే. ఇప్పుడు గుర్తు కూడా లేదు.

మన జగిత్యాలలో ఏ ఇంటి తలుపు తట్టినా దుబాయి, మస్కట్, దోహా వినబడతాయి కదా. ఇక్కడ అట్లా వినబడే పేరు చైనా. అక్కడికి పోయినవాడు ఒక్కడూ కనబడలేదు. పోయేది మిరపకాయ. తేజా రకం ఘాటు ఎక్కువ, దాని నుంచి రంగూ కారమూ పిండే ఫ్యాక్టరీలకు అదే కావాలి. మన మిర్చికి పెద్ద కొనుగోలుదారు చైనా. మార్కెట్ యార్డు దగ్గర ఒక అడ్తి గుమాస్తాను మాటల్లో పెట్టాను. "చైనా పార్టీలు ఖమ్మంల దిగినయంటే ఈడ జెండా పాట లేస్తది సార్. వాళ్లు చప్పుడు జెయ్యకుంటే కోల్డ్ స్టోరేజీ తలుపు తెరిచెటోడే ఉండడు" అన్నాడు. 2023లో క్వింటాలుకు 20 వేలు దాటిన తేజా ఈ ఏడాది మొదట్లో 14 వేల దగ్గర కొట్టుకుంది. గల్వాన్ లోయలో 2020లో మన సైనికులు 20 మంది చనిపోయినప్పుడు చైనా సరుకు కొనొద్దని ఈ ఊళ్లల్లో కూడా పిల్లలు ఊరేగింపు తీసి ఉంటారు. చైనా మన సరుకు కొనొద్దని మాత్రం ఏ మిరప రైతూ అనలేడు.

ఇంకో గుచ్చుకునే సంగతి. ధర పడినప్పుడు, ఫిబ్రవరిలో, కేంద్రం ఆంధ్ర రైతులకు క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించింది. తెలంగాణకు లేదు. ఖమ్మం దాటి నాలుగడుగులు వేస్తే వేరే దేశమా అని గుమాస్తా నన్నే అడిగాడు, నేనేదో ఢిల్లీ నుంచి దిగినట్టు.

అసలు చూడాల్సింది యూరియా లైను. తెల్లవారుజామున సొసైటీ ముందు మనుషుల కంటే చెప్పులు ఎక్కువ. చెప్పులు, రాళ్లు, ఒక చోట పట్టా పాస్‌బుక్కు జిరాక్సు మీద ఇటుక. మనుషులు పక్కన చెట్టుకింద కునికిపాట్లు పడుతున్నారు. తండా నుంచి వచ్చిన ఒక అక్క రాత్రి రెండింటికి వచ్చిందట. మక్క మోకాలు దాటింది, ఇప్పుడు పెట్టకపోతే కంకి గట్టిపడదు అంది. బస్తా 266 రూపాయల 50 పైసలే, డబ్బు సమస్య కాదు.

"ఎందుకు రాలేదక్కా ఈసారి?" అన్నాను.

"ఓడ రాలేదంట. యుద్ధం అయితాందంట యాడనో. ఓడ మా తండకు రావాల్నా సారూ, గోదాముకు వస్తే సాలు గదా."

ఆమె మాటలో తప్పు వెతికితే దొరకదు. జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ 12 రోజులు కొట్టుకున్నాయి. ఇజ్రాయెల్ గ్యాస్ ఆపేసరికి ఈజిప్టులో యూరియా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఇరాన్ కూడా యూరియా అమ్మే దేశమే. మనం యూరియా చేసుకునే గ్యాస్‌లో పెద్ద భాగం హోర్ముజ్ దాటి వచ్చేదే. చైనా తన రైతులకు కావాలని రెండేళ్లుగా ఎగుమతి బిగబట్టింది. ఇవన్నీ చాలవన్నట్టు మన పక్కనున్న రామగుండం ఫ్యాక్టరీ ఆగస్టులో ఆగిపోయింది. చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఆగస్టు 18న ఢిల్లీ వచ్చి ఎరువులు వదులుతామన్నాడు, ఆ నెల ఆఖరులో మన ప్రధాని టియాంజిన్ పోయి జిన్‌పింగ్‌తో కరచాలనం చేసొచ్చాడు. ఆ కరచాలనం విలువ నాకు ఇక్కడ, ఈ చెప్పుల వరుసలో తెలిసింది. పెద్ద మాటలు చెప్పేవాళ్లను ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టాలి.

వినాయకులు ఇంకా మండపాల్లోనే ఉన్నారు, రేపు నిమజ్జనం. ఒక వీధిలో గణపతి వెనుక థర్మాకోల్ బ్రహ్మోస్ క్షిపణి నిలబెట్టారు, మీద "ఆపరేషన్ సిందూర్" అని రాశారు. చందా రాసిన పిల్లవాణ్ణి మీ నాన్న ఏడి అంటే, "యూరియా లైన్ల ఉన్నడు" అన్నాడు.

బయ్యారం పోలేదు. విభజన చట్టంలో రాసిన ఉక్కు కర్మాగారం పదకొండేళ్లుగా పరిశీలనలోనే ఉంది, ఖాళీ జాగా చూసి ఏం రాయను?

*

భూపాలపల్లి,
సెప్టెంబర్ 8

బాపూ,

నిన్న గ్రహణం, గుళ్లు మూసేశారు. అందుకని ఇవాళ పొద్దున పాలంపేటలో దిగి రామప్ప చూసుకుని ఇటు వచ్చాను. గుడి ఇప్పుడు ములుగు జిల్లా. 2019 దాకా ఈ భూపాలపల్లి జిల్లాదే, ఇక్కడివాళ్లు ఇంకా మా గుడి అనే అంటారు. మొన్న మేలో ప్రపంచ సుందరి పోటీల అమ్మాయిలు వచ్చినప్పుడు మన ఆడవాళ్లతో వాళ్ల కాళ్లు కడిగించారని రేగిన రచ్చ గుర్తుందా? అది అతిథి మర్యాద అన్నవాళ్లతో నేను ఏకీభవించను. నీళ్ల చెంబు చేతికిస్తే మర్యాద సరిపోయేది.

1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి యునెస్కో గుర్తింపు 2021 జులై 25న వచ్చింది. ఆ సమావేశానికి ఆతిథ్యం ఇచ్చింది చైనాలోని ఫుజౌ, అదీ గల్వాన్ జరిగిన ఏడాదికే. నిపుణుల సంఘం ఇప్పుడే వద్దు, వాయిదా వేయండి అంది. నార్వే అడ్డం చెప్పింది. వెంటనే ఇవ్వాలని ముందు నిలబడి మిగతా దేశాలను కూడగట్టింది రష్యా. 21 దేశాల కమిటీలో 17 మనవైపు వచ్చాయి. నీళ్లలో తేలే ఇటుక, ఇసుక పునాది, మదనికలు, అన్నీ నిజమే. కానీ ఆ రోజు గుడిని గట్టెక్కించింది మాత్రం దోస్తీ. మరుసటి ఏడాది కమిటీ రష్యాలోని కజాన్‌లో కూడాల్సింది, ఉక్రెయిన్ యుద్ధం వచ్చి అది జరగనే లేదు.

ఇప్పుడు జనగామ ఉత్తరం మళ్లీ తిరగేయి. రామప్పకు చెయ్యెత్తిన ఆ రష్యా దగ్గర చమురు కొంటున్నామనే కదా అదనపు సుంకం. ఒకే దోస్తీ, గుడికి పేరు తెచ్చింది, వంద కిలోమీటర్లు పోయేసరికి పత్తికి గండమైంది. రష్యాతో ఉండాలా, అమెరికాతో పోవాలా అని టీవీలో అరుచుకునే వాళ్లకు తెలంగాణ ఒకటే ముక్కగా కనిపిస్తుందేమో. పాలంపేటలో గైడ్‌కు ఒక లాభం, జనగామ రైతుకు ఒక నష్టం, మానుకోటకు ఆ రెండూ కాక చైనా.

భూపాలపల్లిలో మాత్రం లెక్క వేరు. ఇక్కడ బొగ్గు. సింగరేణి పుట్టుకే లండన్‌తో ముడిపడింది. 1886లో తవ్వే హక్కు తీసుకున్న హైదరాబాద్ దక్కన్ కంపెనీ వాటాల అవకతవకల మీద అక్కడి పార్లమెంటు 1888లోనే విచారణ సంఘం వేసింది. నిజాం సర్కారు కంపెనీని చేతుల్లోకి తీసుకున్నది 1945లో. ఈ ఊరి బాయిలు ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వచ్చినవే. 2021 నవంబర్‌లో గ్లాస్గోలో బొగ్గును పూర్తిగా ఆపాలని రాసిన మాటను, తగ్గించాలి అని చివరి ఘడియలో మార్పించింది మన దేశమే. చాలామంది తిట్టారు. చెల్పూరు విద్యుత్ కేంద్రం పొగగొట్టాల కింద బతికేవాళ్ల దగ్గు విన్నాక ఆ తిట్లలో న్యాయం లేదని చెప్పలేను. షిఫ్టు దిగి వస్తున్న కార్మికుడు ఇంకో మాట అన్నాడు: "ఆపుతరో, తగ్గిస్తరో, మా డిపెండెంటు కొలువు సంగతి ఆ కాగితంల రాసిన్రా?"

రాయలేదు బాపూ.

కాళేశ్వరం దాకా పోదామనుకున్నా, రెండు రోజులుగా కాళ్లు పీకుతున్నాయి. రేపు పొద్దున కరీంనగర్ బస్సుకు వచ్చేస్తున్నా. మన సొసైటీకి లారీ వచ్చిందని తెలిస్తే నా కోసం ఆగకు. పాస్‌బుక్కు బీరువా పై అరలో ఉంది, లైన్లో పెట్టడానికి నా పాత చెప్పులు గడప పక్కనున్నాయి.

నీ కొడుకు