మొదటి వరుస

మేము ఇద్దరం తోటికోడళ్ళం. పల్లెల నుండి కాపురానికి వచ్చి పాతబస్తీలో ఒకే ఇంట్లో ఉంటున్నాము. ఒక సంవత్సరం మా ఇంటి మగవాళ్ళలో ఒకరికి పని పోయింది. గాజుల జత తాకట్టు పెట్టి, ఎవరో వాడి వదిలేసిన నిట్టింగ్ మెషిన్ ఒకటి కొన్నాము. చార్మినారు దగ్గరి ఒక దుకాణదారునికి చంటిపిల్లల స్వెట్టర్లు 12 డిసెంబరు నెలలోగా ఇస్తామని మాట కూడా ఇచ్చేశాము. తీరా చూస్తే మాకు దాని మీద మొదటి వరుస ఎక్కించడమే రాదు!

మీలో చేతిసూదులతో అల్లేవారు అనేకులు ఉంటారు. మాకూ ఆ ధైర్యమే. గాని ఇక్కడ సూదులు రెండు కావు, 200. ఒక్కొక్క సూదికి చివర కొక్కెం, దానికి తెరచుకొని మూసుకొనే చిన్న నాలుక. క్యారేజిని అటు నుండి ఇటు తోస్తే వరుసంతా ఒక్కసారే అల్లుకుంటుంది. అయితే సూదులకు ముందే ఉచ్చులు ఉండాలి. ఖాళీ సూదుల మీద క్యారేజి నడిపితే దారం కిందికి జారిపోతుంది. మూడు రోజులు మాకు జరిగింది అదే. ఊలు చిక్కుపడటం, విప్పటం, ఒకరినొకరు విసుక్కోవటం.

నాలుగవ రోజు వెనుక గల్లీలోని ఖాలా వచ్చి చూసింది. ఆమె వయసులో ఉన్నప్పుడు ఈ పనితోనే పిల్లలను పెంచింది. "ఇత్తా టైట్ నక్కో బేటీ" అని నవ్వి, మా చేతిలోని దారం తీసుకొంది.

ఆమె చూపించింది ఇది. క్యారేజి కుడివైపు ఉండాలి. కావలసిన సూదులన్నిటినీ పూర్తిగా ముందుకు లాగి, నాలుకలు తెరచి ఉంచాలి. దారం కొస ఎడమవైపు కట్టి, అక్కడి నుండి ఒక్కొక్క సూదికి గడియారం ముల్లు తిరిగే దిశకు ఎదురుగా ఒక చుట్టు చుట్టుకుంటూ కుడికి రావాలి. చుట్టు వదులుగా, అన్నీ ఒకే తీరుగా ఉండాలి. బిగిస్తే ఉచ్చు నాలుకను దాటదు, క్యారేజి మొరాయిస్తుంది. మా తప్పంతా అక్కడే. చుట్లను వేలితో వెనుకకు నెట్టి, దారం క్యారేజికి ఎక్కించి, నెమ్మదిగా తోయాలి. మొదటి మూడు నాలుగు వరుసలకు ప్రతిసారీ సూదులను చేత్తో ముందుకు లాగాలి. అంచుకు దువ్వెన తగిలించి బరువులు వేలాడదీయటం మరువరాదు. మేము మరచి, ముందుభాగం ఒకటి అల్లినదంతా కింద పడేసుకున్నాము.

ఇంకొక పద్ధతి ఉంది. పనికిరాని ఊలుతో ఏడెనిమిది వరుసలు అల్లి, నున్నటి నైలాన్ దారంతో ఒక వరుస వేసి, అప్పుడు అసలు ఊలు మొదలుపెట్టాలి. పని అయ్యాక నైలాన్ దారం లాగితే పాత ఊలు ఊడి వస్తుంది, అంచులో ఉచ్చులు తెరచి ఉంటాయి. వాటిని తిరిగి సూదులకు ఎక్కించి పట్టీ అల్లుకోవచ్చును. నేర్చుకునేవారికి మా సలహా ఇదే, పాడయ్యేది పాత ఊలే గదా!

ఇటువంటి యంత్రాన్ని మొదట కల్పించినది ఇంగ్లండులో కాల్వర్టన్ ఊరి పాదిరి విలియం లీ, 1589లో. మన చార్మినారు కట్టింది 1591లో. ఆ మాట చెబితే ఖాలా నమ్మలేదు. "చార్మినార్ సే పురానా?" అని మెషిన్‌ను మళ్ళీ ఒకసారి తడిమి చూసింది.

గడువుకు 11 స్వెట్టర్లే ఇవ్వగలిగాము. దుకాణదారుడు గొణిగాడు గాని డబ్బిచ్చాడు. గాజులు విడిపించటానికి మరో రెండు చలికాలాలు పట్టింది. అంచు వంకర పోయిన పన్నెండవది ఇప్పటికీ పెట్టెలో ఉంది. నేర్చుకోవటానికి వచ్చే ఆడపిల్లలకు మొదట దాన్నే చూపిస్తాము.