స్టీరింగ్ మూలిగితే…

కారు స్టీరింగ్ టైట్‌గా తిరుగుతోందంటే చాలు, "బండి పాతదైంది, అమ్మేయండి" అంటారు. మా 2009 మోడల్ కారుకీ అదే సలహా వచ్చింది. అమ్మేస్తే ఇప్పట్లో ఇంకోటి కొనలేం. మావారు ఎక్కువగా క్యాంపుల్లోనే ఉంటారు కాబట్టి, అత్తయ్యగారిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళేది నేనే. మలుపుల్లో నా అవస్థ చూసి, "నాకోసం భుజాలు నొప్పి చేసుకోకమ్మా, మానేద్దాంలే" అన్నారావిడ. మానేస్తే ఆ కాలు మళ్ళీ మొదటికొస్తుంది.

టైర్లలో గాలి చూపించాను, సరిగ్గానే ఉంది. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీస్తే, ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మాడిన పులుసులా నల్లగా ఉంది!

మా వీధి మెకానిక్ ముందు చక్రాలు జాకీల మీద లేపాడు. డబ్బాలోకి ఆయిల్ తిరిగొచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి, ఆ రంధ్రానికి బిరడా బిగించాడు. ఇంజన్ ఆపే ఉంచి నన్ను స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పమన్నాడు. నల్లది సీసాలోకి పోతుంటే, డబ్బా ఖాళీ కాకుండా కొత్తది పోస్తూనే ఉన్నాడు. ఎర్రగా వచ్చాక పైపు బిగించి, ఇంజన్ ఆన్ చేసి, బుడగలు పోయేదాకా మళ్ళీ తిప్పించాడు. మూలుగు పోయింది. ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా ఆగలేదు.

మీరూ చేయిస్తే, ఏ ఆయిల్ పోయాలో కారు పుస్తకంలో చూడండి, అన్ని బళ్ళకీ ఒకటే కాదు. డబ్బాలో మాటిమాటికీ తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోకండి.